గెలిచి వచ్చిన గుర్రాన్ని నమ్మకండి! కార్డులో బరువు వరుస చూడండి

నమస్కారం మిత్రులారా. విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను, సూటిగా విషయానికి వస్తున్నాను. పోయిన పందెంలో గెలిచిన గుర్రం ఈ రోజు రేసు కార్డులో, అంటే గుర్రాల పేర్లూ అవి మోసే బరువులూ ఉండే కాగితంలో, మీకు దొరికే అతి చెడ్డ బేరం. మరోసారి చెబుతున్నాను, బాగా వినండి. గెలిచి వచ్చిన గుర్రమే అతి చెడ్డ బేరం!

గెలిచిన గుర్రం మీద తర్వాతి పందెంలో నాలుగు కిలోలు అదనంగా పెడితే అది మళ్లీ గెలవడం కష్టమని కిందటి వీడియోలో అన్నందుకు కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "గెలిచినదాన్ని వదిలేసి మూడో స్థానంలో వచ్చినదాన్ని చూడమంటావా, అసలు రేసు గుర్రాన్ని దగ్గర నుంచి చూశావా?" అని ఒకరు. "ఐదు వందల కిలోల జంతువుకు నాలుగు కిలోలు ఒక లెక్కా?" అని ఇంకొకరు. ఆ రెండో కామెంటుకు వచ్చిన లైకులు చూసి నాకు నిజంగా ఒళ్లు మండింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు కదా, మోసేది మనం కాదు కాబట్టి నాలుగు కిలోలు మనకు తేలిగ్గానే ఉంటాయి. అందుకే ఈ వీడియో అంతా ఆ నాలుగు కిలోల గురించే.

రోజూ కార్డు చూసేవాళ్లకు హ్యాండికాప్ పందెం అంటే తెలుసు, మేలైన గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి పరుగెత్తించే పందెం. గుర్రం ఎంత బాగా పరుగెత్తితే రేటింగు, అంటే దాని సత్తాకు వేసే మార్కు, అంత పెరుగుతుంది. మన దేశంలో రేటింగులో ఒక్క పాయింటుకు అర కిలో బరువు. గెలిస్తే పాయింట్లు పెంచుతారు, ఓడుతూ పోతే తగ్గిస్తారు. ఇంగ్లండులో 1855లో అడ్మిరల్ రౌస్ ఈ పనికి కూర్చున్నప్పటి నుంచి హ్యాండికాపర్, అంటే ఏ గుర్రం ఎంత మోయాలో తేల్చే మనిషి, కోరేది ఒక్కటే, బరిలో ఉన్న గుర్రాలన్నీ ఒకే గీత మీదికి కలిసి రావాలి. ఆ మాటను తిప్పి చూడండి. గెలిచిన గుర్రాన్ని మళ్లీ గెలవనీయకుండా చూడటమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి ఒకరు జీతం తీసుకుని పని చేస్తున్నారు. ఆ మనిషి పనిలో మంచి నేర్పరి. మీరు ఆ నేర్పుకు ఎదురుగా డబ్బు పెడుతున్నారు!

ఒక ఉదాహరణ వేసుకుందాం. కాగితం, కలం తీసుకోండి. 1200 మీటర్ల పందెం. ఒకటో నెంబరు గుర్రం పోయినసారి 53 కిలోలు మోసి గెలిచింది. నాలుగో నెంబరు అదే పందెంలో 52 కిలోలు మోసి మూడు లెంగ్తుల వెనక, మూడో స్థానంలో వచ్చింది. లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు. ఈసారి మళ్లీ ఆ రెండూ తలపడుతున్నాయి. గెలిచినందుకు ఒకటో నెంబరుకు ఎనిమిది పాయింట్లు పెంచారు, అంటే 57 కిలోలు. నాలుగో నెంబరుకు మార్పు లేదు, అదే 52. ఇప్పుడు లెక్క చూడండి. ఇంత తక్కువ దూరం పందెంలో ఒక లెంగ్తు తేడాకు కిలో పైచిలుకు బరువు సమానమని హ్యాండికాపర్ల పాత లెక్క. నాలుగు కిలోలంటే దాదాపు మూడు లెంగ్తులు. పోయినసారి ఉన్న తేడా మొత్తం ఆవిరైపోయింది. రెండు గుర్రాలూ సమానం! నాలుగో నెంబరు మీద అప్రెంటిస్ జాకీని, అంటే ఇంకా పని నేర్చుకుంటున్నవాడిని ఎక్కిస్తే కుర్రవాడికి దక్కే బరువు తగ్గింపు కూడా కలుస్తుంది, అప్పుడు నాలుగో నెంబరే ముందు.

మరి రేట్లు ఎలా ఉంటాయి? ఒకటో నెంబరు ఫేవరెట్, అంటే జనం ఎక్కువ డబ్బు పెట్టే గుర్రం. రూపాయికి రూపాయి లాభం కూడా ఇవ్వరు. నాలుగో నెంబరుకు రూపాయికి ఎనిమిదో పదో పలుకుతుంది. సమానమైన రెండు గుర్రాలకు ఇంత తేడా ఎందుకు? జనం "ఒకటో స్థానం" అన్న అంకె చూస్తారు, బరువు వరుస చూడరు. అంతే.

ఇక ఆ ఐదు వందల కిలోల కామెంటు. అయిదు వందలలో నాలుగు అంటే నూటికి ఒకటి కూడా కాదు, నిజమే. ఆషాఢ పౌర్ణమికి మన సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లు ఈ వీడియో చూస్తూనే ఉంటారు. 60 కిలోల మనిషి మీద అదే నిష్పత్తిలో బరువు పెడితే అర కిలో. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరేటప్పుడు భుజాన ఆ అర కిలో సంచి ఉన్నట్టే తెలియదు. హనుమంతవాక దాటి అప్పూఘర్ వచ్చేసరికి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారుస్తారు. 32 కిలోమీటర్లలో ఆఖరి అయిదు కిలోమీటర్ల దగ్గర ఆ సంచి ఎంత బరువుందో మీరే చెప్పండి. గుర్రానికి కూడా భారం తెలిసేది చివరి 200 మీటర్లలోనే, పందెం తేలేది కూడా అక్కడే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే గుర్రానికి ఒక లెంగ్తు అంటే సెకనులో ఏడో వంతు. ముక్కు తేడాతో ఫలితం తేలే చోట అర కిలో కూడా చిన్నది కాదు.

పైగా అది ఎలాంటి బరువో గమనించండి. జాకీ తేలికగా ఉంటే మిగతా బరువును జీను కింద సీసం పలకలతో నింపుతారు. జాకీ శరీరం గుర్రం అడుగుకు తగ్గట్టు ముందుకూ వెనక్కూ కదులుతుంది. సీసం కదలదు. దూరం పెరిగే కొద్దీ ఇది ఇంకా పగబడుతుంది. 2400 మీటర్లలో ఒక లెంగ్తును తినేయడానికి 1200లో కావలసినంత బరువు కూడా అక్కరలేదు.

దీనికి రుజువు కావాలంటే ఫార్ లాప్ చాలు. ఆస్ట్రేలియా జనం ఈ రోజుకీ దేవుడిలా చూసుకునే గుర్రం. 1930 మెల్‌బోర్న్ కప్పులో దాదాపు 62.5 కిలోలు మోసి గెలిచింది. ఆ తర్వాత గెలుపు మీద గెలుపు. 1931లో అదే కప్పుకు వచ్చేసరికి దాని మీద 68 కిలోలు పెట్టారు. అదే గుర్రం, అదే మైదానం, అదే రెండు మైళ్లు. ఎనిమిదో స్థానం! గెలిచింది వైట్ నోస్ అనే గుర్రం, అది మోసింది 43 కిలోల పైచిలుకు. ఫార్ లాప్ లాంటి గుర్రాన్నే బరువు కూల్చింది, మన మూడో తరగతి పందెంలో ఎనిమిది పాయింట్లు పెరిగిన గుర్రం దేవుడా దెయ్యమా?

"మరి డెర్బీలు?" అని అడుగుతారు, తెలుసు. అక్టోబరు 2న హైదరాబాదు మలక్‌పేటలో జరిగే దక్కన్ డెర్బీ లాంటి పెద్ద పందేలలో గెలిచినందుకు శిక్షగా బరువు పెంచరు. మగ గుర్రాలన్నిటికీ ఒకే బరువు, ఆడ గుర్రాలకు కొంచెం తగ్గింపు. అక్కడ మేలైన గుర్రం మేలైన గుర్రమే, గెలిచి వచ్చినదాన్ని గౌరవించండి. 1973లో అమెరికాలో సెక్రటేరియట్ బెల్మాంట్ పందెంలో 31 లెంగ్తుల తేడాతో గెలిచిందంటే, అక్కడ పరుగెత్తినవన్నీ ఒకే 57 కిలోలు మోశాయి. కానీ ఆ రోజు గెలుపు టికెట్టుకు ఎంత ఇచ్చారో తెలుసా? రెండు డాలర్లకు రెండు డాలర్ల ఇరవై సెంట్లు. చరిత్రలో అంత గొప్ప పరుగుకు చేతికి వచ్చిన లాభం పదో వంతు!

ఇక్కడే మన పన్ను సంగతి వస్తుంది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. గుర్రాన్ని అంచనా వేయడం చదువుతో, అనుభవంతో వచ్చే విద్య అన్నమాట. అలాంటి విద్యను 2025 సెప్టెంబరు 22 నుంచి లాటరీతో, క్యాసినోతో కలిపి 40 శాతం జీఎస్టీ గాటన కట్టారు. అదీ లాభం మీద కాదు, కట్టిన పందెం మొత్తం మీద. 100 రూపాయల పందేనికి జేబులోంచి 140 పోతుంది. రూపాయికి ముప్పై పైసల లాభమిచ్చే ఫేవరెట్ గెలిచిందనుకోండి, చేతికి వచ్చేది 130. మీ గుర్రం గెలిచింది, మీరు పది రూపాయలు పోగొట్టుకున్నారు! గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. ఇది అన్యాయమని నేను గొంతు చించుకుని చెబుతాను. కానీ అన్యాయం ఉన్నంత కాలం గెలిచి వచ్చిన ఫేవరెట్ వెనక పడటం గెలిచినా నష్టమేనన్న మాట కూడా అంతే గట్టిగా చెబుతాను.

"ఖాయం టిప్పు" అని ఫోనులో అమ్మేవాళ్ల గురించి ఒక్క మాట. నాలుగు గ్రూపులు పెడతారు, నాలుగింటికీ నాలుగు వేర్వేరు గుర్రాలు పంపుతారు. ఒకటి గెలుస్తుంది. ఆ గ్రూపు స్క్రీన్‌షాటు చూపించి మర్నాడు వెయ్యి మంది దగ్గర డబ్బు గుంజుతారు. గాజువాకలో ఆటో నడుపుకునే తమ్ముడు ఒకరు ఇలాంటి చోట నెల సంపాదన పోగొట్టుకుని నాకు మెసేజి పెట్టాడు. చదువుతుంటే కడుపు మండింది. ఆ టిప్పులో గుర్రం పేరు ఉంది, జాకీ పేరు ఉంది, బరువు లేదు. బరువు రాయని టిప్పు టిప్పే కాదు. ఇంకొకటి కూడా వినండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలను 2020లోనే నిషేధించారు. యాప్ లింకు కోసం నా చానల్‌కు రావద్దు, అడగవద్దు.

"గుర్రాన్ని దగ్గర నుంచి చూశావా" అన్నవారికి కూడా జవాబు చెబుతాను. విశాఖలో రేస్‌కోర్సు లేదు. మన పిల్లలకు గుర్రం అంటే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద తిప్పే గుర్రమే. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే తప్ప మలక్‌పేట పాడక్‌లో, అంటే పందేనికి ముందు గుర్రాలను తిప్పి చూపించే చోట, గుర్రం చెమట పట్టి ఉందో, చెవులు నిక్కబొడుచుకుని ఉందో మనకు కనబడదు. 1886లో ఆరో నిజాం కాలంలో మౌలాలి నుంచి అక్కడికి మారిన మైదానం చుట్టూ పెరిగినవాళ్లకు ఆ భాగ్యం ఉంది. మన చేతిలో ఉన్నది కాగితం. ఆ కాగితంలో పొద్దుటి ట్రాక్ పరుగుల సమయాలు ఉంటాయి, కానీ సాధనలో గుర్రాన్ని ఎంత బిగబట్టారో సమయం చెప్పదు. జాకీ పేరు ఉంటుంది, పేరున్న జాకీ ఎక్కగానే రేటు పడిపోతుంది. స్టాల్ నెంబరు, అంటే గుర్రం బయలుదేరే గడి నెంబరు ఉంటుంది, అది 1000, 1100 మీటర్లలో చూడవలసిందే, ఒప్పుకుంటాను. మిగిలినవాటిలో ఎవరి అభిప్రాయమూ కలవని అంకె బరువు ఒక్కటే. తూచి మరీ రాస్తారు, పందెం అయ్యాక జాకీని మళ్లీ తూస్తారు. ఆ తూకంలో తేడా వస్తే గెలిచిన గుర్రాన్ని కూడా పక్కన పెట్టేస్తారు. నిర్వాహకులే అంత కాపలా కాస్తున్న అంకెను మీరు దాటేసి జాకీ చొక్కా రంగు చూస్తానంటే ఎలా?

అలాగని ఓడిన ప్రతి గుర్రమూ బంగారం అనడం లేదు. రేటింగు పడుతూ పడుతూ వచ్చిన గుర్రం దగ్గర ఆగి, ఎందుకు ఓడిందో చూడండి. 1200కు తగిన గుర్రాన్ని 1600లో పరుగెత్తించారా? స్టాల్ నుంచి ఆలస్యంగా బయటపడిందా? కారణం కనబడితే, ఇప్పుడు దూరం సరిపోతుంటే, పైగా ఒకప్పుడు గెలిచిన బరువుకు లేదా అంతకన్నా కిందికి దిగి ఉంటే, కలంతో దాని చుట్టూ సున్నా చుట్టండి. కారణం కనబడకపోతే అది నిజంగానే నీరసించిన గుర్రం, వదిలేయండి. ఆరేడు పందేల కార్డులో ఇలాంటి గుర్రం ఒకటి దొరికితే ఎక్కువ. మిగతా పందేలు చూసి ఆనందించండి, పర్సు తీయవద్దు.

ఇప్పుడు కామెంట్లలో తిట్టదలచినవారికి ఒక షరతు. ఈ రోజు కార్డులో పోయిన పందెం గెలిచి వచ్చిన గుర్రాలన్నిటినీ రాయండి. పక్కన అప్పుడు మోసిన బరువు, ఇప్పుడు మోస్తున్న బరువు రాయండి. సాయంత్రం ఆఖరి పందెం అయ్యాక ఎదురుగా ఫలితం వేసి నాకు పంపండి. రేపటి వీడియోలో అన్నీ ఒక్కొక్కటిగా పైకి చదువుతాను, మీ లెక్క నా లెక్కను కొట్టేసినా సరే చదువుతాను.