టేగెల్ రన్‌వే కింద బెర్లిన్ ఇళ్లు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు చదివేశారు, మళ్లీ చదివి టైమ్ తీసుకోను. గ్రంథాలయ వారోత్సవాలకు ప్రచ్ఛన్న యుద్ధం కారణాల మీద మాట్లాడమన్నారు. ముందు బెర్లిన్ దిగ్బంధం సంగతి చెప్పనివ్వండి. మన పిల్లలు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి వదిలేస్తున్నారు, అది నాకు చాలా బాధ.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్, ఈ నాలుగు దేశాలు పంచుకున్నాయి. బెర్లిన్‌నీ నాలుగు ముక్కలు చేశాయి, కానీ ఆ ఊరేమో సోవియట్ భాగం నడుమ ఉంది. 1948 జూన్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ తమ వైపు కొత్త మార్కు నోట్లు తెచ్చి, పశ్చిమ బెర్లిన్‌లోనూ చెలామణీ చేస్తామనేసరికి స్టాలిన్ ప్రభుత్వం జూన్ 24న రైళ్లు, రోడ్లు, కాలువలు మూసేసింది. కరెంటూ ఆపింది. లోపల ఇరవై లక్షల పైచిలుకు జనం. మూడు గగన మార్గాలకు మాత్రం 1945లో రాసుకున్న ఒప్పందం ఉంది, రోడ్లకూ రైళ్లకూ అలాంటి కాగితమే లేదు. ఆ కాగితమే ఊరిని బతికించింది, ఆ మార్గాల్లోనే పాశ్చాత్య దేశాలు విమానాల్లో సరుకులు చేరవేశాయి.

గెయిల్ హాల్వర్సన్ అనే పైలట్ రుమాళ్లను పారాచూట్లుగా కట్టి పిల్లలకు చాక్లెట్లు జారవిడిచిన కథ అందరూ చెబుతారు. మంచి కథే, నేనూ క్లాసుల్లో చెప్పాను. కానీ ఆ విమానాలు మోసిన సరుకులో మూడింట రెండొంతులు బొగ్గు! బంగాళాదుంపల్లో నీళ్ల బరువెందుకని ఎండబెట్టి తెచ్చారు. ఉప్పు మామూలు విమానంలో వేస్తే తుప్పు పడుతుందని నీళ్ల మీద వాలే సండర్లాండ్ విమానాల్లో హావెల్ నదికి తెచ్చి దించారు. కరెంటు రోజుకు కొన్ని గంటలే, వంతులవారీగా. మీ వాడ వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే లేచి వండాలి. ఇక్కడున్న అమ్మలకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉన్న రెండు విమానాశ్రయాలు చాల్లేదు. ఫ్రెంచి భాగంలో, టేగెల్ దగ్గర మూడోది కట్టాలి. మగవాళ్లు ఎంతోమంది యుద్ధంలో పోయారు, కొందరు ఇంకా ఖైదులో ఉన్నారు. పనికి ఆడవాళ్లు వచ్చారు, వేలల్లో, మూడు షిఫ్టుల్లో. రన్‌వే కింద పరవడానికి రాయేది? బాంబులకు కూలిన ఇళ్ల ఇటుకలనే మోసుకొచ్చి పోశారు. ఎవరి వంటగది గోడో, ఎవరి మెట్లో. పెద్ద యంత్రాలు విమానంలో పట్టకపోతే అవతల ముక్కలుగా కోసి, ఇక్కడికొచ్చాక మళ్లీ వెల్డింగ్ చేశారు. ఆగస్టులో మొదలుపెడితే నవంబరు మొదట్లో తొలి విమానం దిగింది. మూడు నెలలండీ! ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఆ ఆడవాళ్ల గురించి ఒక్క వాక్యం ఉందా? మీరే చెప్పండి.

చిట్టీ వచ్చింది, ఇంకో రెండు నిమిషాలు.

హిట్లర్ రాజధాని మీద జాలెందుకని ఒకాయన నన్ను నిలదీశారు. 1948లో పాలపొడి కోసం ఏడ్చిన పసివాడు ఎవరిని చంపాడండీ? ఊరి కడుపు మాడ్చి రాజకీయం నడిపించడం ఎవరు చేసినా తప్పే. పాశ్చాత్య దేశాలూ తూర్పు వైపుకు బొగ్గు, ఉక్కు ఆపాయి, అదీ చెప్పాలి. తూర్పు వైపు వచ్చి పేరు రాయించుకుంటే రేషన్ ఇస్తామని సోవియట్‌వాళ్లు ఆశ చూపారు. చలికాలంలో కూడా వెళ్లింది కొద్దిమందే. నేను గంటసేపు మాట్లాడినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, వెళ్లింది కొద్దిమందే.

1949 మే 12న దారులు తెరిచారు. అయినా నమ్మకం లేక సెప్టెంబరు నెలాఖరు దాకా విమానాలు తిప్పుతూ గోదాములు నింపుకున్నారు. ఈ పనిలో సుమారు వందమంది చనిపోయారు, వాళ్లలో జర్మన్ పనివాళ్లూ ఉన్నారు. చరిత్ర చదివే పిల్లలు పైలట్లతో పాటు ఆ కూలీల గురించీ వెతకండి. దొరికింది నాకు తెచ్చి చూపించండి, ఆదివారాలు పొద్దున ఈ రీడింగ్ రూమ్‌లోనే ఉంటాను.