కొరడాకు ముఖాలు కనిపించవు

అందరికీ నమస్కారం.

మన ఇళ్లలో "సుగ్రీవాజ్ఞ" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. తాతగారు ఒక మాట అన్నారంటే సుగ్రీవాజ్ఞే, ఇక తిరుగులేదంటాం. ఆ ఆజ్ఞ వల్ల ఏమైందో మాత్రం ఎవరూ అంతగా తలుచుకోరు. సీతను వెతకడానికి వానరులను నాలుగు దిక్కులకూ పంపుతూ సుగ్రీవుడు నెల రోజులు గడువు పెట్టాడు. గడువు దాటి వస్తే చావే. దక్షిణానికి వెళ్లిన అంగదుడి దండు స్వయంప్రభ గుహలో చిక్కుకుపోయింది. బయటపడేసరికి గడువు దాటిపోయింది. ముందు సముద్రం, వెనక సుగ్రీవుడు. యువరాజే వణికిపోయాడు. తిరిగి వెళ్లి ఆయన చేతిలో చచ్చేకన్నా ఇక్కడే పస్తుండి చావడం మేలని దర్భలు పరిచి ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. సీత జాడ తెలియబోయే ఒడ్డునే, ఆ జాడ తీయాల్సిన సేన సొంత రాజు మీది భయంతో చావడానికి సిద్ధపడింది. వాళ్ల మాటలు సంపాతి చెవిన పడబట్టి కథ నడిచింది. ఆజ్ఞ ఎంత కఠినమైతే పని అంత బాగా జరుగుతుందనే నమ్మకాన్ని వాల్మీకి ఆ ఒడ్డున కూర్చోబెట్టి మనకు చూపించాడు.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మీలో కొందరు రాసిన యుద్ధ ఫాంటసీ కథలు ఈ మధ్య శ్రద్ధగా చదివాను. ఊహ బాగుంది, భాష బాగుంది. కానీ సేనాపతి గొప్పవాడని చెప్పాల్సి వచ్చేసరికి చాలామంది ఒకే దారి పట్టారు. వెనకడుగు వేసిన సిపాయి తలను అతను అందరి ముందూ నరికేస్తాడు. సైన్యం నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత అందరూ సింహాల్లా పోరాడతారు. ఆ నిశ్శబ్దం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పడానికి, ఈ రకం సాహిత్యానికి మూలపురుషుడి లాంటి టోల్కీన్ దగ్గరికి వెళ్తాను.

టోల్కీన్ సైన్యాన్ని పుస్తకాల్లో చూసి రాసినవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916 జూన్‌లో ఫ్రాన్స్ చేరి, లాంకషైర్ ఫ్యూజిలియర్స్ 11వ పటాలంలో సిగ్నల్స్ అధికారిగా సోమ్ యుద్ధంలో పనిచేశాడు. కందకాల జ్వరం పట్టుకుని ఆ నవంబరులో ఇంగ్లండు తిరిగి వచ్చాడు. ఆనాటి బ్రిటిష్ సైన్యంలో శిక్షలు ఎలా ఉండేవంటే, తప్పు చేసిన సిపాయిని బండి చక్రానికో గుంజకో కట్టేసి రోజుకు రెండు గంటల దాకా నిలబెట్టేవారు. పారిపోయినందుకు, పిరికితనానికి తుపాకులతో కాల్చి చంపేవారు. అలా చనిపోయినవాళ్లలో 306 మందికి బ్రిటన్ 2006లో, అంటే తొంభై ఏళ్లు గడిచాక, క్షమాభిక్ష ఇచ్చింది. వాళ్లలో షెల్ మోతలకు మనసు చెదిరినవాళ్లున్నారు. అదే యుద్ధంలో ఆస్ట్రేలియా ప్రభుత్వం తన దళాల్లో ఒక్క సిపాయి మీద కూడా మరణశిక్ష అమలు కానివ్వలేదు. ఆ దళాలేమీ చెల్లాచెదురైపోలేదు.

తన కథలోని శామ్ అనే సేవకుడు ఆ యుద్ధంలో తాను చూసిన మామూలు సిపాయిలకు, అధికారుల దగ్గర పనిచేసిన ఊడిగం కుర్రాళ్లకు ప్రతిబింబమనీ, వాళ్లు తనకన్నా ఎంతో గొప్పవాళ్లనీ టోల్కీన్ చెప్పుకున్నాడు. ఒక అధికారి నోటి నుంచి వచ్చిన మాట అది. ఆ కథ, "ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్", 1954, 55లలో వచ్చింది. సౌరాన్ అనే చీకటి ప్రభువు పోగొట్టుకున్న ఉంగరాన్ని నాశనం చేయడానికి ఫ్రోడో, అతని సేవకుడు శామ్ ఆ ప్రభువు దేశమైన మోర్డోర్‌లోకి వెళ్లే కథ అది. దాన్ని ఆ సిపాయి కళ్లతో చదివితే సౌరాన్ సైన్యం ఇంకోలా కనిపిస్తుంది.

ఓర్క్‌లు, అంటే ఆ సైన్యంలోని రాక్షసజాతి సిపాయిలు, మాట్లాడుకునే చోట్లు జాగ్రత్తగా చూడండి. స్పృహలేని ఫ్రోడోను తమ బురుజుకు మోసుకెళ్తూ షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు నాయకులు ముచ్చట్లాడుకుంటారు. యుద్ధమయ్యాక నమ్మకమైన నలుగురు కుర్రాళ్లను వెంటబెట్టుకుని, పెద్ద దొరలెవరూ లేని చోటికి పోయి బతుకుదామని! లోకాన్ని గడగడలాడించే సైన్యంలో ఇద్దరు సర్దార్ల కల అది. పైవాడి భయం లేని చోటు. కాసేపటికి ఫ్రోడో ఒంటి మీది వెండి కవచం కోసం ఆ ఇద్దరి దళాలే ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. శామ్ కత్తి పట్టుకుని బురుజులోకి అడుగుపెట్టేసరికి ఎటు చూసినా శవాలే. అంత పెద్ద కోటను శత్రువు కూల్చలేదు, లోపలివాళ్లే ఖాళీ చేసి పెట్టారు. ఆ తర్వాత దారిలో ఇంకో ఇద్దరు పోట్లాడుకుంటారు. నీ పేరూ నెంబరూ నాజ్‌గూల్‌కి, అంటే సౌరాన్ ప్రేతదూతకి, చెప్పేస్తానని ఒకడు బెదిరిస్తాడు. రెండోవాడు బాణంతో వాడి కంట్లో కొట్టి పారిపోతాడు. ఆ నెంబరు అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కందకంలో గడిపినవాడి చెవికే ఆ మాట అలా వినపడుతుందనిపిస్తుంది.

అన్నింటికన్నా నాకు నచ్చిన ఘట్టం ఆ తర్వాతిది. ఫ్రోడో, శామ్ ఓర్క్ వేషాల్లో దారి పక్కన నక్కి ఉంటారు. కొరడాలు పట్టుకుని ఒక దళాన్ని తోలుకొస్తున్నవాళ్లు వాళ్లను చూసి, పని ఎగ్గొట్టిన సిపాయిలనుకుంటారు. యుద్ధం నడుస్తోందని తెలియదా అని తిట్టి, వరసలోకి నెట్టి, కొరడాతో పరిగెత్తిస్తారు. సౌరాన్ లోకమంతా గాలిస్తున్న ఉంగరం ఆ వరసలోనే, ఫ్రోడో మెడలో వేలాడుతోంది! కొరడా పట్టినవాడు ఒక్కసారి వాళ్ల ముఖంలోకి చూసి ఉంటే కథ అక్కడే ముగిసేది. వాడికి కావాల్సింది వరస నిండటం, కాళ్లు ఆడటం. కొరడా వీపుల్ని చూస్తుంది, ముఖాల్ని చూడదు. వేరే దళాలతో కలిసి దారి కిక్కిరిసిన చోట ఇద్దరూ ఆ గందరగోళంలోంచి జారుకుంటారు.

మంచివైపు ఉన్నవాళ్లను కూడా టోల్కీన్ వదిలిపెట్టలేదు. సౌరాన్‌తో పోరాడుతున్న గోండోర్ రాజ్యపు పాలకుడు డెనెథోర్, తెలివైన ప్రభువులందరూ ఇతరులను ఆయుధాల్లా వాడుకుంటారనీ, తానూ బురుజులో కూర్చుని కొడుకులను కూడా ఖర్చుపెడుతున్నాననీ అంటాడు. ఖర్చు! గెలుపు ఆశ లేని చోటికి మళ్లీ వెళ్తూ కొడుకు ఫారమిర్, తిరిగొస్తే నన్ను ఇంకాస్త మెరుగ్గా తలుచుకోమంటాడు. నువ్వు ఎలా తిరిగొస్తావన్న దాని మీద ఉంటుందంటాడు తండ్రి. ఇంతకన్నా కఠినమైన వాక్యం ఆ పుస్తకంలో నాకు కనపడలేదు. అందులో కొరడా లేదు, రక్తం లేదు.

అయితే టోల్కీన్ క్రమశిక్షణే వద్దంటున్నాడా? లేదు. బెరెగాండ్ అనే కావలి సిపాయి కథ చూడండి. మతి చెదిరిన సొంత తండ్రి చేతిలో కాలిపోబోతున్న ఫారమిర్‌ను కాపాడటానికి అతను అనుమతి లేకుండా కొలువు వదిలి పరిగెత్తాడు. పవిత్రస్థలంలో తనవాళ్ల రక్తమే చిందించాడు. రెంటికీ పాతచట్టం ప్రకారం మరణమే. యుద్ధం ముగిసి పట్టాభిషేకం జరిగాక, గోండోర్ కొత్త రాజు అరగార్న్ ముందు నిలబడ్డాడు. శిక్ష రద్దు చేస్తున్నాను, కానీ నువ్వు ఈ కావలి దళం వదలాలి, నగరం వదలాలి అన్నాడు రాజు. బెరెగాండ్ ముఖం పాలిపోయింది. అప్పుడు చెప్పాడు, ఇకపై ఫారమిర్ శ్వేతదళానికి నువ్వే నాయకుడివని. చట్టానికి ఇవ్వాల్సింది ఇచ్చాడు, మనిషికి ఇవ్వాల్సిందీ ఇచ్చాడు. ఇలాంటి తీర్పు రాయడం తల నరికించడంకన్నా ఎంత కష్టమో, రాసేవాళ్లు మీరు, మీకు తెలుస్తుంది.

చివరిగా ఇంకొక్క ఘట్టం, ఆ పట్టాభిషేకానికి ముందుది. దాదాపు ఏడువేలమందితో అరగార్న్ మోర్డోర్ నల్లద్వారం మీదికి బయలుదేరుతాడు. గెలవలేమని నాయకులకు తెలుసు. ఆ బీడునేల చూసేసరికి పల్లెల నుంచి వచ్చిన కొందరు కుర్రాళ్లకు కాళ్లు కదలలేదు. వాళ్లు దుర్మార్గులేం కారు. ఇంతటి భయాన్ని కలలో కూడా చూడనివాళ్లు. మన కథల్లో సేనాపతి కత్తి దూసే సమయం సరిగ్గా అదే. అరగార్న్ కళ్లలో కోపం కన్నా జాలి ఎక్కువ కనిపించిందంటాడు టోల్కీన్. వెళ్లండి, కానీ పరిగెత్తకండి, గౌరవంగా వెళ్లండి, కెయిర్ ఆండ్రోస్ అనే లంక శత్రువు చేతిలో ఉంటే దాన్ని తిరిగి పట్టుకుని నిలబెట్టండి అన్నాడు. ఆ జాలికి సిగ్గుపడి కొందరు భయాన్ని దిగమింగి అతనితోనే ముందుకు నడిచారు. తమ చేతనయ్యే పని ఒకటి దొరికిందని మిగిలినవాళ్లు ధైర్యం తెచ్చుకుని లంక వైపు వెళ్లారు.

అక్కడ వాళ్లు ఎలా పోరాడారో పుస్తకం ఎక్కడా చెప్పదు. యుద్ధం ముగిశాక మాత్రం, గెలిచిన సైన్యానికి సరుకులు తీసుకుని గోండోర్ నుంచి బయలుదేరిన పడవలు కెయిర్ ఆండ్రోస్ రేవుకే వెళ్తాయి.