నాలుగో రోజు నుంచి

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది సొంతంగా పాట కట్టి, చేతి డబ్బు పెట్టి రికార్డు చేసి, ఎవరి అండా లేకుండా విడుదల చేసుకున్నవాళ్లు. విడుదల రోజు ఎలా గడుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి దాటగానే పాట యాప్‌లలో కనిపిస్తుంది. తెల్లారేలోపు పదిసార్లు ఫోన్ తీసి అంకె చూస్తాం. అయినవాళ్లు వింటారు, స్నేహితులు స్టేటస్‌లో పెడతారు. రెండో రోజు కొంత, మూడో రోజు ఇంకొంత. ఆ తర్వాత అంకె కదలదు. ఆరు నెలల కష్టం మూడు రోజుల్లో అయిపోయిందా అని గుండె బరువెక్కుతుంది. నేను ఇవాళ మాట్లాడేది ఆ నాలుగో రోజు గురించి. అది ఎలా ఉండబోతోందో విడుదలకు నెల ముందే చాలావరకు తేలిపోతుంది. ఆ సంగతి కూడా చెబుతాను.

సంగీతం ఎక్కడ ఎంత వింటున్నారో లెక్కగట్టే లూమినేట్ సంస్థ ప్రకారం, 2023లో స్ట్రీమింగ్ యాప్‌లలోకి రోజుకు సగటున లక్షకు పైగా కొత్త ట్రాకులు వచ్చిపడ్డాయి. మీ పాట వచ్చిన రోజే మరో లక్ష పాటలు వచ్చాయన్నమాట. "బాగుంటే అదే పైకొస్తుందిలే" అని మనవాళ్లు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటను నమ్ముకుని కూర్చోకండి. ఎంతో బాగున్న పాటలు ఎవరి చెవినా పడకుండా ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. పాట బాగా కట్టడం ఒక పని. అది నచ్చే మనిషి చెవిన పడేయడం ఇంకో పని. రెండూ మనమే చేసుకోవాలి.

ఈ యాప్‌లు ఎవరికి ఏ పాట వినిపించాలో ఎలా తేల్చుకుంటాయి? శ్రోత అభిరుచిని బట్టి యాప్ తనే కూర్చే ప్లేలిస్టులుగా స్పాటిఫై 2015లో డిస్కవర్ వీక్లీని, ఆ మరుసటి ఏడు రిలీజ్ రాడార్‌ను తెచ్చింది. మొదటిది ప్రతి సోమవారం, రెండోది ప్రతి శుక్రవారం కొత్త పాటలతో మారుతుంది. ఇద్దరు శ్రోతల ప్లేలిస్టులూ ఒకేలా ఉండవు. వీటి వెనకున్న ఆలోచన మనకు తెలిసినదే. ఒకే తరహా పాటలు వినేవాళ్లను యాప్ ఒక గుంపుగా చూస్తుంది. ఆ గుంపులో పదిమందికి నచ్చిన పాటను పదకొండో మనిషికి వినిపించి చూస్తుంది. అతను మధ్యలో దాటేశాడా, చివరిదాకా విన్నాడా, సేవ్ చేసుకున్నాడా, మర్నాడు తనంతట తాను వెతుక్కుని మళ్లీ పెట్టుకున్నాడా అని గమనిస్తుంది. దాన్ని బట్టి పన్నెండో మనిషికి వినిపించాలో వద్దో తేల్చుకుంటుంది. పాట వేగం, వాద్యాలు, గొంతు తీరు కూడా విశ్లేషిస్తుంది, కానీ మీ పాట ఏ గుంపుకు చెందుతుందో దానికి ఎక్కువగా నేర్పేది మొదట విన్న మనుషులే.

అందుకే నేను ఎప్పుడూ ఒకటే అడుగుతాను. మీ పాటను మొదట విన్న వందమంది ఎవరు? ఎంతమంది అని అడగడం లేదు, ఎవరు అని అడుగుతున్నాను.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. నా రెండో పాటకు శ్రోతలను తెచ్చిపెడతామని ఒకరు ముందుకొచ్చారు. ప్లేలిస్టులలో పెట్టిస్తాం, వారంలో వేలల్లో వింటారు అన్నారు. డబ్బు కట్టాను. అన్నట్టే వారంలో నాలుగువేలు దాటింది. ఆ వారం నేను చాలా సంతోషంగా ఉన్నాను, దాచడం దేనికి. తర్వాత ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని లోపలి లెక్కలు తెరిచాను. నాలుగువేల వినికిళ్లలో సేవ్ చేసుకున్నవాళ్లు తొమ్మిది మంది. అందులో ఐదుగురు నా స్నేహితులే. విన్నవాళ్లలో ఎక్కువమంది నా భాష ఒక్క ముక్క కూడా తెలియని రెండు మూడు నగరాలవాళ్లు. నా పేజీ కింద "ఈ శ్రోతలు ఇవి కూడా వింటారు" అన్నచోట నిద్రపట్టడానికి పెట్టుకునే వానచప్పుడు రికార్డింగులు కనిపిస్తున్నాయి. మూడో పాట విడుదల చేసినప్పుడు యాప్ దాన్ని తీసుకెళ్లి ఆ వానచప్పుడు గుంపుకే వినిపించింది. వాళ్లు పది సెకన్లలో దాటేశారు. వాళ్ల తప్పేం లేదు. తప్పుడు గుమ్మం ముందు నిలబెట్టింది నేనే. మూడో పాట నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట. దానికి జరిగిన ఆ అన్యాయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డబ్బుకు వినికిళ్లు కొనడం ఇప్పుడు ఇంకా ప్రమాదం. దొంగ వినికిళ్లు మితిమీరి కనిపించిన పాటలకు స్పాటిఫై 2024 నుంచి లేబుళ్ల మీద, మన పాటను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ల మీద పాటకు ఇంత అని రుసుము వేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని మన ఖాతాలోంచి పట్టుకోవచ్చు, పాటనే తీసేయవచ్చు. "నేను కొనలేదు, ఎవరో బాట్లు, అంటే మనుషుల్లా నటించి పాటలు ఆడించే ప్రోగ్రాములు, ఉన్న ప్లేలిస్టులో పెట్టారు" అని తర్వాత రుజువు చేసుకోవడం చాలా కష్టం. మీకు తెలియని ప్లేలిస్టులోంచి రాత్రికి రాత్రి వందల వినికిళ్లు వస్తే సంబరపడకండి. అదే రోజు డిస్ట్రిబ్యూటర్‌కు రాసి పెట్టుకోండి.

ఇక విడుదలకు ముందు చేయాల్సిన పనికి వద్దాం. పాట తుది రికార్డింగు, అంటే మాస్టర్, మన చేతికి రాగానే ఆ శుక్రవారమే వదిలేయాలని మనసు లాగుతుంది. నాలుగు వారాలు ఆగండి. సంగీతకారుల కోసం స్పాటిఫై నడిపే స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ యాప్‌లో, విడుదల కాని ఒక పాటను ప్లేలిస్టులు కూర్చే వాళ్ల సంపాదకులకు పంపుకునే వీలుంది. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, సంపాదకులు తీసుకున్నా తీసుకోకపోయినా, మిమ్మల్ని ఫాలో అవుతున్నవాళ్ల రిలీజ్ రాడార్‌లోకి ఆ పాట వెళుతుంది. ఒక్క పైసా ఖర్చు లేని పని. అయినా ఎంతమంది దీన్ని వదులుకుంటున్నారో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అక్కడ పాట గురించి రాసుకోవడానికి 500 అక్షరాలు ఇస్తారు. చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "హృదయాలను తాకే అద్భుతమైన మెలోడీ, తప్పకుండా అందరికీ నచ్చుతుంది." ఇది చదివిన సంపాదకుడికి ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. నా విద్యార్థిని ఒకామె మొదట సరిగ్గా ఇలాగే రాసింది. ఇద్దరం కూర్చుని దాన్ని తిరగరాశాం: "రాత్రి షిఫ్టు ముగించుకుని ఖాళీ బస్సులో ఇంటికెళ్లే నర్సు పాడుకునే పాట. నెమ్మది నడక, ఒక్క ఆడగొంతు, వెనక వీణ, లోగొంతులో బేస్ గిటార్. చరణం చివర తాళం ఆగిపోయి గొంతు మాత్రమే మిగులుతుంది. ఇంతకు ముందు విడుదల చేసిన పాటను విన్నవాళ్లు ఎక్కువగా రాత్రి పదకొండు తర్వాత విన్నామని రాశారు." ఇప్పుడు చదివినవాడికి ఆ పాట ఏ ప్లేలిస్టులో, ఎవరి పక్కన, ఏ వేళకు కూర్చుంటుందో కనిపిస్తుంది. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి మాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో తన పాట ఎవరికోసమో ఆమెకే మొదటిసారి స్పష్టమైంది. తర్వాత ఆ పాటను ఎవరికి పంపాలో, వీడియోలో ఏం చూపాలో, కవర్ మీద ఏ బొమ్మ ఉండాలో అన్నీ ఆ నాలుగు వాక్యాల్లోంచే వచ్చాయి.

పేర్ల విషయం త్వరగా చెప్పేస్తాను, కానీ తేలిగ్గా తీసుకోకండి. మీ పేరు ప్రతి విడుదలలోనూ ఒకే స్పెల్లింగులో ఉండాలి. ఒక అక్షరం తేడా వచ్చినా రెండు ఆర్టిస్ట్ పేజీలు తయారై, శ్రోతలు రెండు ముక్కలవుతారు. ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల, అంకెల కోడ్ ఉంటుంది. దాన్ని ఒకచోట రాసి దాచుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా, సింగిల్‌ను తర్వాత ఆల్బంలో చేర్చినా, అదే కోడ్, అదే ఆడియో ఇస్తే పాత వినికిళ్లు పాటతోనే ఉంటాయి. కోడ్ మారిందా, సున్నా నుంచి మొదలు.

మాస్టరింగ్‌లో, అంటే ధ్వనికి ఆఖరి మెరుగులు దిద్దేటప్పుడు, పాటను వీలైనంత గట్టిగా కొట్టించుకునే అలవాటు కూడా మానాలి. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ దగ్గరికి సర్దుతుంది (లఫ్స్ అంటే పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత). మీరు ఎంత గట్టిగా పంపినా అది తగ్గించే వినిపిస్తుంది. నలిగిపోయిన ధ్వని మాత్రం అలాగే మిగిలిపోతుంది.

తొలి ముప్పై సెకన్ల గురించి నన్ను అందరూ అడుగుతారు. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే అది ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది. అందుకని ప్రిల్యూడ్ తీసేయాలా, పల్లవితోనే ఎత్తుకోవాలా అని అడుగుతారు. లెక్క కోసం పాటను నరకకండి. ప్రిల్యూడే పాటకు ప్రాణమైతే దాన్ని ఉంచండి. కానీ ఆ ముప్పై సెకన్లలో ఏదో ఒకటి, ఒక స్వరం, ఒక మాట, ఒక నిశ్శబ్దం, ఇది ఫలానావాళ్ల పాట అని చెప్పాలి. మీ పాటను మీ గురించి తెలియని మనిషికి వినిపించి, ముప్పై సెకన్లకు ఆపి, "ఇప్పటిదాకా ఏం గుర్తుంది?" అని అడగండి. ఏదో ఒకటి చెప్పగలిగితే చాలు. "బాగుంది" అని ఊరుకుంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

ఎనిమిది పాటలుంటే ఎనిమిదీ ఒకేరోజు వదలకండి. ఆరేడు వారాలకొకటి చొప్పున వదలండి. ప్రతిదీ మిమ్మల్ని ఫాలో అవుతున్నవాళ్ల గుమ్మం మళ్లీ ఒకసారి తడుతుంది. ఒక్కసారే వదిలితే ఒక్కసారే తడతాం.

చిన్న వీడియోల దగ్గర చాలామంది అలసిపోతున్నారు. అది నాకు అర్థమవుతుంది, పాట కట్టేవాడు రోజూ కెమెరా ముందు నిలబడాలంటే కష్టమే. నేను చూసినంతలో పనిచేసినది ఒకటి చెబుతాను. మేము ఒక పాటకు శ్రద్ధగా టీజర్ చేయించాం, లైట్లు, డ్రోన్ షాట్లు అన్నీ పెట్టి. దాన్ని చూసి ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత స్టూడియోలో ఫోన్లో తీసిన ముక్క ఒకటి పెట్టాం. వేణువు వాయించే మిత్రుడు చరణానికి ముందొచ్చే సంగతి దగ్గర మూడుసార్లు తడబడి, నాలుగోసారి దాన్ని పట్టుకుని, పట్టుకున్న క్షణంలో కళ్లు తెరిచి మావైపు చూస్తాడు. నలభై సెకన్లు. "ఇది ఏ పాటలోది?" అని అడుగుతూ వచ్చిన సందేశాలకు రెండు రోజులు కూర్చుని బదులిచ్చాను. అలా వచ్చినవాళ్లు పాటను వెతుక్కుని వచ్చారు. అలాంటి వాళ్లు మీ మొదటి వందలో ఉండాలి.

డబ్బు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్కో వినికిడికి ఇంత అని స్పాటిఫైలో రేటేమీ లేదు. వచ్చిన మొత్తంలో హక్కుదారుల వాటాను తీసి, మొత్తం వినికిళ్లలో మీవి ఎన్నో చూసి ఆ నిష్పత్తిలో పంచుతుంది. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 వినికిళ్లు లేని పాటకు రికార్డింగ్ రాయల్టీయే లేదు. సౌండ్‌క్లౌడ్ అనే మరో స్ట్రీమింగ్ యాప్ 2021లో వేరే పద్ధతి మొదలుపెట్టింది, శ్రోత కట్టిన డబ్బు ఆ శ్రోత విన్నవాళ్లకే వెళ్లేలా. నా దృష్టిలో న్యాయమైనది అదే, చిన్న సంగీతకారులకు మేలు చేసేదీ అదే. స్పాటిఫైలో డిస్కవరీ మోడ్ అని ఇంకొకటి ఉంది. రేడియో, ఆటోప్లే లాంటి, యాప్ తనంతట తాను పాటలు ఎంచి వినిపించే చోట్ల మీ పాటను ఎక్కువమందికి చూపించే అవకాశం ఇచ్చి, అక్కడి వినికిళ్ల రాయల్టీలో 30 శాతం కోసుకుంటుంది. ఇప్పటికే నిలకడగా వింటున్న పాటకైతే ఆలోచించవచ్చు. ఇంకా ఎవరూ ఎరగని తొలిపాటకు నేను వద్దంటాను.

కాబట్టి స్ట్రీమింగ్‌ను వీధి అరుగుగా చూడండి. దారిన పోయేవాళ్లు అక్కడ ఆగుతారు, ఒక పాట వింటారు. ఆగినవాళ్లను లోపలికి పిలవాల్సింది మనమే. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట పాట నేరుగా అమ్ముకుంటే డిజిటల్ అమ్మకంలో 15 శాతం, వస్తువుల మీద 10 శాతం వాళ్లు తీసుకుని, మిగతా డబ్బు లావాదేవీల ఖర్చులు పోను మనకిస్తారు. కొన్నవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల ఈమెయిల్ కూడా మనకు వస్తుంది. నాకు డబ్బు కంటే ఆ ఈమెయిలే విలువైనది. యాప్‌లో ఉన్న ఫాలోయర్లను యాప్ చూపిస్తేనే మనం చేరుకోగలం. ఈమెయిల్ జాబితాలో ఇరవైమందే ఉన్నా, రేపు ఏ యాప్ మూతపడినా వాళ్లు మనవాళ్లే.

మళ్లీ నాలుగో రోజుకు వస్తాను. ఆ ఉదయం మొత్తం వినికిళ్ల అంకె చూడటం మానేయండి. రెండు అంకెలు తీసుకోండి, ఎంతమంది విన్నారు, మొత్తం ఎన్నిసార్లు విన్నారు. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. మూడువందల మంది మూడువందల ఇరవైసార్లు విన్నారంటే, విన్నవాళ్లు మళ్లీ రాలేదు. డెబ్బై మంది మూడువందల ఇరవైసార్లు విన్నారంటే, ఆ డెబ్బైమందిలో ఎవరో మీ పాటను పొద్దున్నా రాత్రీ పెట్టుకుంటున్నారు. ఈ రెండో పాటనే ముందుకు తీసుకెళ్లండి. అంకె ఒకటే అయినా దీనికి ఇల్లు దొరికింది. ఆ డెబ్బై మంది ఏ ఊళ్లవాళ్లో, ఇంకా ఎవరి పాటలు వింటారో చూడండి. వాళ్లు వినే ఆ సంగీతకారుల్లో మీ స్థాయిలోనే ఉన్న ఇద్దరికి రాయండి. ఒకరి కచేరీలో ఒకరు పాడండి, కలిసి ఒక పాట చేయండి.

నాలుగో పాట దగ్గర నేను ఈ లెక్కే వేసుకున్నాను. విన్నది అరవై నాలుగు మంది. అందులో ఒకావిడ, నాకు అసలు పరిచయం లేని మనిషి, రెండో చరణంలో మూడో పాదం తనకు అర్థం కాలేదని, అయినా అక్కడికి రాగానే ఏడుపొస్తోందని, దాని అర్థమేమిటని రాసింది. ఆ పాదం వెనకున్న కథంతా పెద్ద ఉత్తరంగా రాసి పంపాను. తర్వాతి పాట విడుదలైనప్పుడు తన తరఫున పదకొండు మందికి వినిపించానని ఆమే రాసింది.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. మీ ఆర్టిస్ట్ యాప్ తెరిచి, చివరగా విడుదల చేసిన పాట దగ్గరకు వెళ్లండి. శ్రోతలు ఎంతమంది, వినికిళ్లు ఎన్ని, సేవ్‌లు ఎన్ని, ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. రాశాక ఒక్కొక్కరి పాటా తీసుకుని కలిసి చూద్దాం.