హ్యాట్రిక్ రివ్యూ: జాతీయ జట్టుకు ఒక కుర్రాడిని పెంచడం

నమస్కారమండి. ముమ్మిడివరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద నుంచి మాట్లాడుతున్నాను. మన ఛానల్ చూసే ఒక మిత్రుడు హ్యాట్రిక్ గేమ్‌లో సపోర్టర్ సభ్యత్వాన్ని నాకు బహుమతిగా పంపించి, దాని గురించి చెప్పమని కోరారు. ఆ సభ్యత్వం గణాంకాలు, సౌకర్యాలు ఇస్తుందే తప్ప జట్టు బలాన్ని ఏమాత్రం పెంచదు. 1997లో స్వీడన్‌లో మొదలైన ఈ ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌ను ఎలా ఆడాలో మీరు ఇతర వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి, నేను కుర్రాళ్ల శిక్షణకే పరిమితమవుతాను.

ఇందులో ఆటగాడికి ఒక ఏడాది వయసు పెరగడానికి 112 రోజులు పడుతుంది. మా చెరువులో ఒక వనామీ పంట చేతికి రావడానికి పట్టే కాలం ఇంచుమించు అంతే. యూత్ అకాడమీ నుంచి 17 ఏళ్లకు పైకి తెచ్చుకున్న కుర్రాడు 21వ పుట్టినరోజుకు చేరేసరికి 64 వారాలు గడుస్తాయి. శిక్షణ ఫలితం వారానికి ఒక్కసారే వస్తుంది, అదీ క్లబ్బు మొత్తానికి ఒకే రకం శిక్షణ. ప్లేమేకింగ్ (మైదానం మధ్యలో ఆటను నడిపించే నైపుణ్యం) ఎంచుకుంటే మధ్యలో ఆడే ముగ్గురికి పూర్తి ఫలితం, వింగర్లకు సగం దక్కుతాయి. వారం మధ్య మ్యాచ్‌లో మరో ముగ్గురిని దింపితే ఆరుగురు బాగుపడతారు. వయసూ నైపుణ్యమూ పెరిగేకొద్దీ ఎదుగుదల నెమ్మదిస్తుంది కనుక, 17వ ఏట పోగొట్టుకున్న వారం ఎప్పటికీ పూడదు. చెక్ ట్రే పైకి లాగి రొయ్య మేత తిన్నదో లేదో ఎలా చూస్తానో, ట్రైనింగ్ రిపోర్టును కూడా నేను అంత ఆత్రంగానే తెరుస్తాను. ఇదివరకు ఆడిన మరో గేమ్‌లో ఒక్క రాత్రిలో సీజన్ మొత్తం ముగిసిపోయేది; అందులోని ఒక్క ఆటగాడి పేరైనా నాకు ఇప్పుడు గుర్తు లేదు.

నాకు బాధ కలిగించినది వేలం పద్ధతి. గేమ్‌లోని అండర్-21 జాతీయ జట్టుకు పనికొస్తాడని నేను 40 వారాలు పెంచిన మిడ్‌ఫీల్డర్‌కు ఇక డిఫెండింగ్ నేర్పాలని జాతీయ జట్టు స్కౌట్ సందేశం పంపారు. మా క్లబ్బులో ఆ శిక్షణ లేదు. అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ కూడా హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి వెళ్లి, 2023 ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం తెచ్చాడు కదా అని మనసు రాయి చేసుకుని అమ్మకానికి పెట్టాను. డిఫెండింగ్ నేర్పుతానని మాట ఇచ్చిన మేనేజర్ కంటే ఇంకొకరు పాట పెంచారు. ఎక్కువ పాడినవారికే ఆటగాడు దక్కుతాడు, అమ్మేవారికి ఎంపిక లేదు. ఆ కొత్త యజమాని మూడో వారం నుంచి అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. జాతీయ కోచ్‌ను ఆ దేశపు మేనేజర్లే ఓట్లు వేసి ఎన్నుకుంటారు గానీ, శిక్షణ విషయంలో చివరి మాట క్లబ్బు యజమానిదే.

అయినా ఈ గేమ్‌ను మీరు తప్పక ఆడాలనే చెబుతాను. మొన్న అకాడమీ నుంచి ఇంకొక కుర్రాడిని తెచ్చాను. ఈసారి లీగ్‌లో కింది డివిజన్‌కు జారినా సరే, మా క్లబ్బు శిక్షణనే డిఫెండింగ్‌కు మారుస్తాను. అతనికి ఇవాళ 17 ఏళ్ల 3 రోజులు.