మాట అమ్మిన ఊరు బందరు

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఈ పూట మనం బందరు వెళ్దాం, అదే మచిలీపట్నం, తెల్లదొరల కాలం నాటి బందరు. 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తకశాల పెట్టారు, డచ్చివాళ్ళు వాళ్ళకంటే ముందే దిగారు, తర్వాత ఫ్రెంచివాళ్ళూ వచ్చారు, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, ఫ్రెంచిపేట అనే పేర్లు ఇవాళ్టికీ ఊళ్ళో వినిపిస్తాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మందిని తీసుకుపోయింది. రేవు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు, పెద్ద వర్తకం వేరే రేవులకి వెళ్ళిపోయింది. అయినా ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదండీ, ఆ సంగతే నాకెంతో ఇష్టం.

ఊళ్ళో ఏం అమ్మేవాళ్ళో చూడండి. లడ్డూ అమ్మేవాడికి ఏ ప్రకటనా అక్కర్లేదు, ఒక ముక్క చేతిలో పెడితే చాలు. కలంకారీ అయితే గుడ్డ విప్పి చూపిస్తారు. చిలకలపూడి నగలైతే రాగి మీద సన్నటి బంగారు రేకు, కంటికి అచ్చం బంగారమే, కానీ కొనే ఆవిడ మనసులో ఒకటే ప్రశ్న, ఈ మెరుగు ఎన్నాళ్ళుంటుందీ అని. అందుకే ఈ వ్యాపారంలో నగతో పాటు గ్యారంటీ అనే మాట కూడా అమ్మాలి. అమ్మినవాడు రేపు కూడా అదే కొట్లో కూర్చుని ఉంటాడు, మెరుగు పోతే మొహం చూపించాల్సింది వాడే, ఆ ధైర్యంతోనే ఆవిడ కొంగుముడి విప్పేది.

రుచి చూపించి అమ్మడంలో మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగార్ని తల్చుకోవాలి. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఊరికే పంచిపెట్టారు, తలనొప్పి తగ్గినవాడు మర్నాడు కొట్టుకి రాక ఎక్కడికి పోతాడు చెప్పండి!

మరి బీమా సంగతేమిటి? దానికి శాంపిల్ ఎక్కడుంది? ఇవాళ డబ్బు కట్టు, నువ్వు పోయాక మీ వాళ్ళకిస్తాం అని చెప్పాలి, అదీ ఆ రోజుల్లో, శుభమా అని ఇంట్లో కూర్చుంటే చావు మాటెత్తుతాడేంటి అనుకునే జనంతో. పైగా మొదట్లో మన దేశంలో ఈ వ్యాపారం తెల్లవాళ్ళ కోసమే నడిచింది, మనవాళ్ళకి పాలసీ ఇచ్చినా అదనంగా ప్రీమియం వసూలు చేసేవాళ్ళు, మన ప్రాణానికి రేటు వేరన్నమాట. 1870 ప్రాంతంలో బొంబాయి మ్యూచువల్ అనే మన దేశపు కంపెనీ వచ్చి మామూలు రేటుకే మనవాళ్ళకీ బీమా ఇచ్చింది, ఆ అవమానం తెలిసిన తరానికి స్వదేశీ కంపెనీ అన్న మాట ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడే బందరు కథ మలుపు తిరిగింది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందర్లో ప్రాక్టీసు చేసిన డాక్టరు, 1923 నవంబరు 28న ఆంధ్రా బ్యాంకు తలుపులు తెరిపించారు, లక్ష రూపాయల మూలధనంతో. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా అక్కడే పుట్టింది. అప్పటికే ఊళ్ళో ఆంధ్ర జాతీయ కళాశాల ఉంది. అన్నిట్లోనూ ఆ ఒక్క మాటే, ఆంధ్ర! 1953 దాకా ఆ పేరుతో రాష్ట్రమే లేదండీ, అప్పట్లో బందరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అలాంటప్పుడు బోర్డు మీద ఆ మాట రాయడమంటే ఇది మనది అని ఊరంతా టముకు వేయించినట్టే. కృష్ణా పత్రిక కూడా ఆ ఊళ్ళోనే 1902లో మొదలైంది, అప్పటికి చదివే జనమూ తయారుగా ఉన్నారు. పైగా జిల్లాలోని సంస్థలు ఉత్తరాలూ వ్యవహారాలూ తెలుగులోనే నడపాలని పట్టాభిగారు పట్టుబట్టేవారని చెప్తారు. నాకైతే అంతకంటే మంచి ప్రచారం ఇంకోటి కనపడదు, ఎవరితోనూ చదివించుకోకుండా తన డబ్బు సంగతి తనే చదువుకోగలిగితే మనిషికి సగం భయం పోతుంది.

ఇక ఏజెంటు. ఎక్కడివాడో కాదు, మనం రోజూ నమస్కారం పెట్టే మనిషే, బళ్ళో పంతులుగారో, కోర్టు గుమాస్తాగారో. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, పిల్లల చదువులడిగి, ఆ తర్వాత చిన్న పుస్తకం తీసి, మీ వయసుకి ఇంత కట్టాలండీ అని వేలు పెట్టి చూపిస్తాడు. వయసు రుజువేదీ? పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరుంది? అప్పుడు భోషాణంలోంచి జాతకచక్రం బయటికొస్తుంది! పుట్టినప్పుడు రాయించిన జాతకాన్ని బీమా కంపెనీలు వయసుకి సాక్ష్యంగా ఒప్పుకునేవి. పెళ్ళికి చూసుకునే ఆ కాగితమే ఇప్పుడు పాలసీకి పనికొచ్చింది, ఇంటాయన మొహంలో బెరుకు అక్కడ కాస్త సడలుతుంది, కొత్త సంగతి పాత పెట్టెలోంచే వచ్చినట్టనిపిస్తుంది కదా. తర్వాత డాక్టరు నాడి చూసి, టేపుతో ఛాతీ కొలిచి సంతకం పెడతాడు.

అలా ఒక్కో అరుగూ ఎక్కి తెచ్చిన పాలసీలే కంపెనీ ఆస్తి. 1956లో ప్రభుత్వం 245 బీమా సంస్థల్ని కలిపి సెప్టెంబరు 1న ఎల్ఐసీ పెట్టినప్పుడు మన ఆంధ్రా ఇన్సూరెన్సు కూడా అందులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పాత బోర్డు దించుతుంటే చాలామంది మనసు చివుక్కుమంది, నాదీ అంతే.

కానీ బందరు వెళ్తే చూడండి, పక్కనే విజయవాడ అంత పెద్ద ఊరు ఉండగా కూడా ఎల్ఐసీ డివిజనల్ ఆఫీసు బందర్లో ఉంది. ప్రీమియం కట్టేవాళ్ళు లోపలికి వెళ్తూ వస్తూనే ఉంటారు.

నమస్కారం.