చావు కబురు నవ్వుతూ చెప్పే పుస్తకాలు

శ్రోతలకు నమస్కారం.

1977 డిసెంబరు చివరి రోజుల్లో, అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ పట్టణం దగ్గర ఒక పాత కుటుంబ సమాధిని ఎవరో తవ్విపోశారనీ, అందులో తల లేని మొండెం కనిపిస్తోందనీ పోలీసులకు కబురు అందింది. ఆ సమాధి అంతర్యుద్ధ కాలంలో, 1864లో, నాష్‌విల్ దగ్గర జరిగిన పోరులో మరణించిన కర్నల్ విలియం షై అనే సైనికాధికారిది. శవం చూస్తే కండ ఇంకా గులాబి రంగు పోలేదు. ఎవరినో ఈమధ్యనే చంపి పాత గోతిలో దాచి ఉంటారని అనుమానించి, ఎముకలను బట్టి మనిషి వివరాలు చెప్పగల ప్రొఫెసర్ విలియం బాస్‌ను పిలిపించారు. ఆయన పరీక్షించి, చనిపోయి ఏడాదికి మించి ఉండదని తేల్చారు. తీరా బట్టలూ పళ్లూ పరిశీలిస్తే ఆ శవం సాక్షాత్తు కర్నల్ షైదేనని బయటపడింది. శరీరం చెడకుండా అప్పట్లోనే మందు ఎక్కించి పోత ఇనుప పెట్టెలో భద్రపరచడం వల్ల నూరేళ్లు దాటినా నిలిచింది. ప్రొఫెసర్ గారి లెక్క దాదాపు 113 ఏళ్లు తప్పింది.

ఈ కథ విన్నవారు నవ్వకుండా ఉండలేరు. అయితే మనకు నవ్వు వచ్చింది కర్నల్ గారిని చూసి కాదు. ఆయన తన చోట తాను మర్యాదగానే పడుకుని ఉన్నాడు. బతికి ఉండి, చదువుకుని, ధీమాగా మాట్లాడిన మనిషి బోల్తా పడ్డాడు గనుక నవ్వు వచ్చింది. మృత్యువు గురించీ మానవదేహం గురించీ హాస్యంగా రాసిన మంచి వచనంలో నాకు ప్రీతికరమైన గుణం ఇదే. పోయినవారి జోలికి వెళ్లకుండా, వారి చుట్టూ చేరిన బతికినవారి తడబాటును ఆ రచన పట్టుకుంటుంది.

ఇక్కడ తడబాటు వల్ల ఫలితమూ దక్కింది. శవం ఏ పరిస్థితుల్లో ఎంత కాలానికి ఎలా మారుతుందో చెప్పే ఆధారాలు తన శాస్త్రంలో చాలినన్ని లేవని గ్రహించిన బాస్, 1981లో నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయం స్థలంలో, ఆసుపత్రి వెనకాల, దానంగా వచ్చిన మృతదేహాలను ఆరుబయట ఉంచి గమనించే పరిశోధనాక్షేత్రాన్ని ప్రారంభించారు. ఈగలు ఎప్పుడు వాలతాయి, పురుగులు ఎంత వేగంగా పెరుగుతాయి, నీడలో ఉన్న శరీరానికీ ఎండలో ఉన్న దానికీ తేడా ఏమిటి అన్న పరిశీలనలు హత్య కేసుల్లో మరణకాలాన్ని అంచనా వేయడానికి ఉపకరిస్తున్నాయి. ఇదే విషయాన్ని పాఠ్యపుస్తకంలో చదివితే రెండో పేజీలో ముక్కు మూసుకుంటాం. నవ్వించే రచయిత చెబితే చివరిదాకా చూపు తిప్పుకోము.

ఈ కోవలో బాగా పేరొందినది అమెరికా రచయిత్రి మేరీ రోచ్ 2003లో ప్రచురించిన ‘స్టిఫ్’. ప్లాస్టిక్ సర్జన్లు ముఖం ముడతలు తీసే శస్త్రచికిత్సను అభ్యాసం చేయడానికి వచ్చిన గదిలో, మాంసం కాల్చడానికి వాడే అల్యూమినియం పళ్లాలలో ఒక్కొక్క తల చొప్పున నలభై మానవ శిరస్సులు అమర్చి ఉన్న దృశ్యంతో ఆ పుస్తకం మొదటి అధ్యాయం మొదలవుతుంది. పళ్లెం ఎందుకంటే, కారేది కింద పడకుండా పట్టడానికి. ఆ ఒక్క వివరంతో పాఠకుడికి వెగటూ నవ్వూ కలిసి వస్తాయి. డాక్టరు చేయి బతికిన ముఖం మీద తడబడకూడదంటే ముందు ఎక్కడో నేర్చుకోవలసిందే కదా అన్న ఎరుకా కలుగుతుంది.

మనకు ఈ ధోరణి కొత్త కాదు. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నది మన సామెతే. పెద్దకర్మ నాటి భోజనాల బంతిలో, పోయినాయన సుగుణాలు రెండు మాటల్లో ముగించి, గారెలు గట్టిగా వచ్చాయని వంటవాణ్ని దుయ్యబట్టే బంధువు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పుస్తకంగా రాయడంలోనే మనం వెనకబడ్డాం. అనాటమీ హాలు ముచ్చట్లు మన డాక్టర్లు స్నేహితుల మధ్య ఎంత రసవత్తరంగా చెబుతారో విన్నవారికి ఈ లోటు మరీ తెలుస్తుంది.

అన్నిచోట్లా నవ్వు చెల్లదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరి కథ చూడండి. హేర్ ఇంట్లో అద్దెకున్న ముసలాయన నాలుగు పౌనుల బాకీతో జబ్బుచేసి చనిపోతే, వాళ్లు శవాన్ని, విద్యార్థులకు శవాలు కోసి చూపి పాఠం చెప్పే డాక్టర్ రాబర్ట్ నాక్స్ శరీరశాస్త్ర పాఠశాలకు ఏడు పౌనుల పది షిల్లింగులకు అమ్మారు. బాకీ వసూలైంది, పైన లాభమూ మిగిలింది. ఇంతవరకు చేదు హాస్యం సాగుతుంది. 1828లో ఆ సరుకు కోసమే వాళ్లు 16 మందిని చంపారు. వారిలో ఊరి వీధుల్లో అందరికీ తెలిసిన అమాయక యువకుడు జేమ్స్ విల్సన్ ఒకడు. అతని పేరు వచ్చిన వాక్యంలో చమత్కారం చేసే రచయితను నేను నమ్మను. బర్క్‌ను ఉరితీసి, అతని దేహాన్ని కూడా కోతబల్ల మీదికే పంపి, అస్థిపంజరాన్ని ప్రదర్శనకు నిలిపారన్న దగ్గర మళ్లీ నవ్వవచ్చు. అది అతను సంపాదించుకున్నదే.

ఇంట్లో మనిషిని ఈమధ్యే పోగొట్టుకున్నవారి చేతికి ఇలాంటి పుస్తకం ఇవ్వకండి. తక్కినవారు నిరభ్యంతరంగా చదువుకోవచ్చు, భోజనం వేళ మాత్రం తప్పించి. సెలవు.