కొలంబస్‌లో ఆ చివరి రెండు యార్డులు: టెక్సాస్, ఒహాయో స్టేట్ మ్యాచ్‌కు ముందు

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఆగస్టు 30, శనివారం నాడు, ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయ జట్టు లాంగ్‌హార్న్స్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు బక్‌ఐస్‌తో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ 2025 సీజన్ తొలి మ్యాచ్ ఆడబోతోంది. అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు, ఆస్టిన్, డాలస్ నగరాల్లో ఉదయం 11 గంటలకు ఆట మొదలవుతుంది. అమెరికాలో చదువుకుంటున్న పిల్లల వల్లనో, అన్నదమ్ముల వల్లనో ఈ ఆటకు అలవాటుపడి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ చూసేవారికి అది శనివారం రాత్రి 9:30 అవుతుంది. నేను టెక్సాస్ అభిమానిని. ఆ సంగతి ముందుగానే చెప్పి మాట్లాడడం న్యాయమని అనుకుంటున్నాను, ఎందుకంటే ఈ వీడియోలో నేను మా జట్టు బలాల గురించి కన్నా నన్ను కలవరపెడుతున్న ఒక విషయం గురించే ఎక్కువగా మాట్లాడబోతున్నాను.

అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సీజన్‌కు ముందు ప్రకటించే ర్యాంకింగ్‌లో టెక్సాస్ మొదటి స్థానంలో నిలవడం విశ్వవిద్యాలయ చరిత్రలోనే ఇది మొదటిసారి. అయినా ఆ మొదటి స్థానంతో మనం అడుగుపెడుతున్నది మూడో ర్యాంకులో ఉన్న జట్టు మైదానంలోకి, అదీ గత జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్‌ను 34-23 తేడాతో ఓడించి జాతీయ టైటిల్ గెలిచిన జట్టు మైదానంలోకి. ఆ ఫైనల్‌కు పది రోజుల ముందు, సెమీఫైనల్‌గా జరిగిన కాటన్ బౌల్‌లో ఇదే ఒహాయో స్టేట్ మనల్ని 28-14తో ఓడించింది. స్కోరు చూస్తే సునాయాసమైన విజయంలా కనిపిస్తుంది కానీ, ఆ మ్యాచ్‌ను చూసినవారెవరూ అలా అనరు.

ఆ మ్యాచ్ చివరి నిమిషాలను ఒకసారి గుర్తు చేసుకుందాం. ఒహాయో స్టేట్ 21-14 ఆధిక్యంలో ఉంది, బంతి మన చేతిలో ఉంది, బంతిని చేర్చి పాయింట్లు సాధించవలసిన ఎండ్ జోన్‌కు ఒకే ఒక్క యార్డు దూరంలో మనకు నాలుగు అవకాశాలు (ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు) ఉన్నాయి. మొదటి ప్రయత్నంలో బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ నేరుగా రక్షణ గోడలోకి దూసుకెళ్లి ఏమీ సాధించలేకపోయాడు. రెండో ప్రయత్నంలో బంతిని పక్కకు విసిరి అంచు మీదుగా పరుగెత్తించాలని చూస్తే ఏడు యార్డులు వెనక్కి పోయాం. మూడోది పూర్తికాని పాస్. నాలుగోసారి ఒహాయో స్టేట్ రక్షకుడు జాక్ సాయర్, ఆటను నడిపించి పాస్‌లు విసిరే మన క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్ చేతిలోంచి బంతిని రాల్చి, దాన్ని తానే అందుకుని 83 యార్డులు పరుగెత్తి అవతలి ఎండ్ జోన్‌లో టచ్‌డౌన్ చేశాడు. యూయర్స్ టెక్సాస్‌కు రాకముందు ఒహాయో స్టేట్‌లో ఉన్న రోజుల్లో సాయర్, అతను ఒకే గదిలో ఉండేవారు. ఆ ఒక్క యార్డు ఈ ఎనిమిది నెలలూ నన్ను వెంటాడుతూనే ఉంది. పైగా అది ఆర్లింగ్టన్‌లో, టెక్సాస్ గడ్డ మీద, మన జట్టు నారింజ రంగు చొక్కాలు నిండిన స్టేడియంలో జరిగింది. శనివారం అదే యార్డును మన జట్టు లక్షమందికి పైగా ప్రత్యర్థి అభిమానుల కేకల మధ్య సాధించాల్సి వస్తుంది.

ఒహాయో స్టేడియం 1922లో ప్రారంభమైంది. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని హార్స్ షూ అనీ, ముద్దుగా షూ అనీ పిలుస్తారు. లక్షా రెండు వేలకు పైగా జనం కూర్చోగల ఆ స్టేడియంలో, 2001 నాటికి పూర్తయిన పునర్నిర్మాణంలో, మైదానాన్ని కిందికి దించి, చుట్టూ ఉన్న పరుగుపందేల ట్రాక్‌ను తీసేసి, ప్రేక్షకులను ఆటగాళ్లకు బాగా దగ్గరగా తెచ్చారు. అందువల్ల అక్కడి శబ్దం ఆటగాళ్ల మీదికే దిగుతుంది. ఈ ఆటలో శబ్దం కేవలం ఉత్సాహానికి సంబంధించిన విషయం కాదు, ఆట యంత్రాంగాన్నే మార్చేసే విషయం. కొత్తగా చూసేవారి కోసం దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

సొంత మైదానంలో జనం మౌనంగా ఉంటారు కాబట్టి, క్వార్టర్‌బ్యాక్ గొంతెత్తి చెప్పే లెక్కను బట్టి ముందు వరుసలో అతనికి రక్షణగా నిలిచే లైన్‌మెన్ అయిదుగురూ (మధ్యలో సెంటర్, అతనికి ఇరువైపులా గార్డ్‌లు, చివరల్లో టాకిల్స్) ఒకే క్షణంలో కదులుతారు. బంతి ఎప్పుడు కదులుతుందో వారికి ముందే తెలుసు, ఎదుట ఉన్న రక్షకులకు తెలియదు. ఆ చిన్న తేడాయే ఆఫెన్స్‌కు, అంటే బంతితో దాడి చేసే వైపుకు, ఉన్న అతి పెద్ద బలం. ప్రత్యర్థి మైదానంలో గొంతు వినబడదు కాబట్టి జట్లు మౌన లెక్కకు మారతాయి. గార్డ్ వెనక్కి తిరిగి క్వార్టర్‌బ్యాక్‌ను చూస్తాడు, క్వార్టర్‌బ్యాక్ కాలు ఎత్తి సైగ చేస్తాడు, గార్డ్ సెంటర్‌ను తడతాడు, సెంటర్ తల ఎత్తి ఒక్క క్షణం ఆగి బంతిని అందిస్తాడు. ఈలోగా చివరల్లో నిలబడిన టాకిల్స్ బంతి కదలికను కళ్లతో చూసి కదలాలి. వారిని దాటి క్వార్టర్‌బ్యాక్ మీదికి రావలసిన పాస్ రషర్ కూడా అదే బంతిని అదే క్షణంలో చూస్తున్నాడు, అంటే ఆఫెన్స్‌కు ఉండవలసిన ముందడుగు అక్కడ కరిగిపోయింది. ఆ ఒత్తిడికి తొందరపడి ఎవరైనా ముందుగా కదిలితే ఫాల్స్ స్టార్ట్, అయిదు యార్డుల శిక్ష. రెండు యార్డులు కావలసిన చోట ఒక్కసారిగా ఏడు యార్డులు కావలసి వస్తే కోచ్ పిలవగలిగే ప్లేలు, అంటే ముందే సాధన చేసిన ఎత్తుగడలు, సగానికి తగ్గిపోతాయి.

2024 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో మైదానంలో ఉన్న ఒక ఆటగాడి హెల్మెట్‌లోకి కోచ్ నేరుగా మాట్లాడే వీలు కలిగింది. బంతి కదపడానికి ఉన్న గడువును చూపే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలినప్పుడు ఆ సంభాషణ తెగిపోతుంది. కోచ్ స్టీవ్ సార్కిసియన్ చెప్పిన ప్లే క్వార్టర్‌బ్యాక్‌కు చేరుతుంది, నిజమే, కానీ డిఫెన్స్ చివరి క్షణంలో రూపం మార్చినప్పుడు లైన్‌మెన్‌కు ఆ మార్పును చెప్పవలసింది ఇప్పటి మన క్వార్టర్‌బ్యాక్, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు ఆర్చ్ మానింగే. హెల్మెట్‌లో స్పీకర్ ఉన్నది అతనికి మాత్రమే.

ఇక్కడే నా ఆందోళన మొదలవుతుంది. గత సీజన్‌లో మన లైన్‌లో ఆడిన అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. ఎడమ టాకిల్‌గా ఆడిన కెల్విన్ బ్యాంక్స్‌ను వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ తొమ్మిదో ఎంపికగా తీసుకుంది. మిగిలింది గార్డ్ డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. ఎడమ టాకిల్ స్థానంలోకి వస్తున్న ట్రెవర్ గూస్‌బీ ప్రతిభ మీద నాకు నమ్మకం ఉంది. అయితే ప్రతిభ వేరు, అయిదుగురు కలిసి ఒకే శ్వాసతో కదలడం వేరు, ఆ రెండోది మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. ఎక్కువ సీజన్లలో తొలి మ్యాచ్‌ను సొంత మైదానంలో బలహీనమైన జట్టుతో ఆడి ఆ పని నేర్చుకునేవారు. ఈసారి మొదటి పాఠమే హార్స్ షూలో.

ఆర్చ్ మానింగ్ విషయానికి వస్తే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లుగా పేరుపొందిన తాత ఆర్చీ, బాబాయిలైన పేటన్, ఈలై మానింగ్‌ల పేర్లతో అతన్ని కొలిచే చర్చ ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ జరిగింది కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఈ మ్యాచ్‌కు పనికొచ్చే సంగతి ఒకటే: 2024లో అతను ఆరంభం నుంచి ఆడిన మ్యాచ్‌లు రెండు, లూసియానా మన్రోతో ఒకటి, మిసిసిపీ స్టేట్‌తో ఒకటి, ఆ రెండూ మన సొంత మైదానం ఉన్న ఆస్టిన్‌లోనే జరిగాయి. ప్రత్యర్థి మైదానంలో మొదటి ప్లే నుంచి జట్టును నడపడం అతనికి ఇదే తొలిసారి. అయినా అతను గర్జించే స్టేడియాన్ని చూడనివాడు కాదు. గత నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎమ్ మైదానమైన కైల్ ఫీల్డ్‌లో, నాలుగో డౌన్‌లో రెండు యార్డులు కావలసినప్పుడు సార్కిసియన్ అతన్నే దింపాడు, అతను 15 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, ఆ మ్యాచ్‌ను మనం 17-7తో గెలిచాం. ఎండ్ జోన్ దగ్గర క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరుగెత్తగలిగితే, అడ్డుకునేవారి లెక్కలో రక్షకులకు ఒక మనిషి తక్కువ పడతాడు. జనవరిలో ఆ ఒక్క యార్డు దగ్గర మనకు లేనిది సరిగ్గా అదే. అందుకే శనివారం అటువంటి సందర్భం వస్తే బంతి ఆర్చ్ చేతిలోనే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పక్కకు విసిరే పిచ్ మాత్రం మళ్లీ చూడాలని లేదు.

ఒహాయో స్టేట్‌లో కూడా మార్పులు చాలా జరిగాయి. ఆ జట్టు నుంచి ఏకంగా 14 మంది ఒకే డ్రాఫ్ట్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లారు. సాయర్‌తో సహా డిఫెన్సివ్ లైన్‌లో మొదటి నలుగురూ ఇప్పుడు లేరు. డిఫెన్స్ వ్యూహాలు చూసే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ పెన్ స్టేట్‌కు మారగా, ఆ స్థానంలోకి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో డిఫెన్స్‌ను నడిపించిన మ్యాట్ పెట్రీషియా వచ్చాడు. ఇది మనకు లాభమా, నష్టమా అని చాలామంది అడుగుతున్నారు. నా ఉద్దేశంలో తొలి మ్యాచ్ వరకు అది వారికే లాభం, ఎందుకంటే పెట్రీషియా ఈ ఆటగాళ్లతో ఏం చేయబోతున్నాడో చూపించే మ్యాచ్ వీడియో ఒక్కటి కూడా మన కోచ్‌ల దగ్గర లేదు. పైగా అతని వెనుక వరుసలో సేఫ్టీ కేలబ్ డౌన్స్ ఉన్నాడు. ఒక చోట నిలబడినట్లు కనిపించి మరో చోటికి చేరుకోవడంలో దేశంలోనే అతనికి సాటి వచ్చేవారు అరుదు. 2023లో అలబామాలో మనం 34-24తో గెలిచిన రోజున ఎదుటి జట్టులో మొదటి సంవత్సరం ఆటగాడిగా ఉన్నది అతనే కాబట్టి, టెక్సాస్ ఆఫెన్స్‌తో తేల్చుకోవలసిన పాత లెక్క అతనికీ ఒకటి ఉంది.

మన డిఫెన్స్ గురించి మాత్రం నాకు బెంగ లేదు. కాటన్ బౌల్‌లో పాస్‌లు అందుకునే జెరెమియా స్మిత్ లాంటి రిసీవర్‌ను, ఆ సీజన్‌లో 1,315 యార్డులు, 15 టచ్‌డౌన్లు సాధించిన కుర్రాడిని, ఒకే ఒక్క క్యాచ్‌కు, మూడు యార్డులకు పరిమితం చేసిన డిఫెన్స్ ఇది. ఆ రోజు ముఖ్యపాత్ర వహించిన వారిలో జాడే బారన్ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నాడు, కాబట్టి స్మిత్ బాధ్యత మలిక్ ముహమ్మద్ మీద ఎక్కువగా పడుతుంది, పైనుంచి మైకేల్ టాఫ్ సాయం ఉంటుంది. స్మిత్ మీద ఇద్దరిని పెడితే కార్నెల్ టేట్ ఒంటరిగా దొరుకుతాడు, అది నిజమైన ప్రమాదమే. అయితే వారికి బంతి విసరవలసిన జూలియన్ సేయిన్‌కు ఇది కాలేజీలో ఆరంభం నుంచి ఆడే మొట్టమొదటి మ్యాచ్. నిరుడు మొదటి సంవత్సరంలోనే తొమ్మిది శాక్‌లు (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) సాధించిన కోలిన్ సిమ్మన్స్ ఒక వైపు నుంచీ, ఆంథనీ హిల్ మధ్యలోంచీ దూసుకొస్తుంటే, సొంత జనం మౌనంగా ఉన్నా సేయిన్‌కు టేట్‌ను వెతుక్కునే తీరిక దొరకదని నేను భావిస్తున్నాను. జనవరిలో మనల్ని అసలు దెబ్బతీసింది లోతైన పాస్ కాదు, మొదటి సగం ముగిసే ముందు ట్రెవియన్ హెండర్సన్ చిన్న స్క్రీన్ పాస్ అందుకుని 75 యార్డులు పరుగెత్తడం. ఆ హెండర్సన్ ఇప్పుడు అక్కడ లేడు.

ప్రత్యర్థి మైదానాల్లో ఆడడం సార్కిసియన్ జట్టుకు కొత్త కాదన్న మాట కూడా గట్టిగానే చెప్పాలి. 2023లోనూ 2024లోనూ టెక్సాస్ ఓడిన మ్యాచ్‌లు ఆస్టిన్‌లోనో తటస్థ వేదికల మీదనో జరిగినవే. ప్రత్యర్థి సొంత మైదానంలో ఆ రెండు సీజన్లలో ఒక్కటి కూడా ఓడలేదు. నిరుడు సెప్టెంబరులో ఆన్ ఆర్బర్‌కు వెళ్లి మిషిగన్‌ను 31-12తో ఓడించాం. అదే మిషిగన్ నవంబరు 30న హార్స్ షూకు వెళ్లి ఒహాయో స్టేట్‌ను 13-10తో ఓడించింది. అక్కడ గెలవవచ్చునని చెప్పడానికి అంత తాజా సాక్ష్యం ఉంది. మిషిగన్ ఆ రోజు అద్భుతాలేమీ చేయలేదు. ఓపికగా పరుగెత్తుతూ, సమయాన్ని కరిగిస్తూ, ప్రత్యర్థికి తక్కువ అవకాశాలు ఇస్తూ ఆడింది. జనం గొంతు రెండో సగంలో తగ్గింది.

మనకు ఇంకా పాత సాక్ష్యం 2005 సెప్టెంబరు 10 నాటిది. ఆ రాత్రి ఇదే స్టేడియంలో టెక్సాస్ 22-16తో వెనకబడి ఉన్నప్పుడు, ఆటలో 2:37 నిమిషాలు మిగిలి ఉండగా విన్స్ యంగ్ 24 యార్డుల పాస్‌ను లిమాస్ స్వీడ్‌కు అందించాడు, చివరికి 25-22తో గెలిచాం, ఆ సీజన్ జాతీయ టైటిల్‌తో ముగిసింది. అందరూ ఆ పాస్‌నే చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. కానీ ఆ స్కోరులో దాగి ఉన్న మరో విషయాన్ని గమనించండి. ఒహాయో స్టేట్ 22 పాయింట్లలో 15 పాయింట్లు, బంతిని తన్ని మూడేసి పాయింట్లు సాధించే ఫీల్డ్ గోల్స్ అయిదింటి వల్ల వచ్చాయి. మన వైపు అంత దూరం చొచ్చుకొచ్చి కూడా వాళ్లు అయిదుసార్లు టచ్‌డౌన్ చేయలేకపోయారు. వాటిలో ఒక్కటి టచ్‌డౌన్‌గా మారినా విన్స్ యంగ్ పాస్‌తో మ్యాచ్ మలుపు తిరిగేది కాదు. జనవరిలో మనం ఆ ఒక్క యార్డు దగ్గర ఓడాం, 2005లో వాళ్లు అటువంటి చోట్లనే ఓడారు.

జాతీయ టైటిల్‌ను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చాక ఒక్క ఓటమితో సీజన్ పోదని, ఈ మ్యాచ్‌కు అంత ప్రాముఖ్యం ఇవ్వనక్కర్లేదని వాదించే మిత్రులు ఉన్నారు. లెక్క ప్రకారం వారి మాట నిజమే. కానీ జనవరిలో మనల్ని ఇంటికి పంపిన జట్టును వాళ్ల ఇంట్లో ఎదుర్కొనే రోజు మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. 2026లో వాళ్లే ఆస్టిన్‌కు వస్తారు. డబ్లిన్, పవెల్ వంటి కొలంబస్ శివార్లలో బక్‌ఐస్ చొక్కాలు వేసుకుని తిరిగే తెలుగు కుటుంబాలూ, రౌండ్ రాక్‌లోనూ ఫ్రిస్కోలోనూ మనలా నారింజ రంగు ధరించే కుటుంబాలూ ఉన్నాయి. ఆ రెండు వైపుల వారికీ ఈ శనివారం ఒక ర్యాంకింగ్ లెక్క మాత్రమే కాదు.

మ్యాచ్ చూసేటప్పుడు బంతిని కాకుండా మొదటి రెండు డ్రైవ్‌లలో, అంటే బంతి మన చేతికి వచ్చిన మొదటి రెండు విడతల్లో, మన గార్డ్‌ను గమనించమని కోరుతున్నాను. అతను వెనక్కి తిరిగి చూసి, సెంటర్‌ను తట్టి, ఆ తర్వాత అయిదుగురూ ఒక్కసారిగా కదిలితే మనం నిలబడతాం. టాకిల్స్ ఒక అర క్షణం ఆలస్యంగా లేస్తుంటే, లేదా మొదటి క్వార్టర్‌లోనే రెండు ఫాల్స్ స్టార్ట్‌లు వస్తే, ఆ రోజు మనకు కష్టంగా గడుస్తుంది. మూడో డౌన్‌లో రెండు యార్డులు కావలసిన సందర్భాలు కనీసం ఆరేడు వస్తాయని నా అంచనా. వాటిలో నాలుగైనా సాధిస్తే, డిఫెన్స్ తన పని తాను చేస్తుంది. టెక్సాస్ 20, ఒహాయో స్టేట్ 17, గెలిపించే టచ్‌డౌన్ ఆర్చ్ మానింగ్ కాళ్ల మీద. నా అంచనా ఇది. మీ స్కోరు ఏమిటో, ఆ రెండు యార్డుల దగ్గర మీరైతే ఏ ప్లే పిలుస్తారో రాయండి. మ్యాచ్ ముగిశాక ఆదివారం మళ్లీ మాట్లాడుకుందాం.